అవ్వల యాసకు కంప్యూటర్‌లోని సౌండ్ రికార్డర్ చాలదు

సోలాపూర్ పేటల్లో పెద్దోళ్ల మాటను రికార్డు చేసేవాళ్లు పెరిగారు, సంతోషం. కానీ చాలా ఫైళ్లు వినడానికే పనికొస్తాయి గానీ యాస తేల్చడానికి కాదు.

చాదరు అనే మాటే చూడండి. మన ఊరికి పేరు తెచ్చిన మాట. ‘చీర’లోని చ వేరు, ‘ౘాప’లోని ౘ వేరు. మరాఠీలోనూ ఈ రెండూ ఉన్నాయి. మరి మీ అవ్వ అనేది చాదరా, ౘాదరా? కరీంనగర్ దిక్కు నించి వచ్చినోళ్లకీ, ఇక్కడే మరాఠీ బడిలో చదివినోళ్లకీ తేడా ఉందా? నేను రికార్డింగును అడిగేది ఇదే. ఈ తేడా చాలావరకు సన్నటి, హెచ్చు పౌనఃపున్యాల్లో ఉంటుంది. పాత సెల్‌ఫోన్ల ఏఎంఆర్ ఫైలు సెకనుకు 8,000 నమూనాలే తీసుకుంటది, అంటే 4,000 హెర్ట్జ్ దాటిందంతా పోయినట్టే. తర్వాత వేవ్‌గా మార్చినా అది తిరిగిరాదు.

విండోస్ ఎక్స్‌పీ సౌండ్ రికార్డర్ మామూలుగా 60 సెకన్లకే ఆగేది. అవ్వ మగ్గం ఊసు మొదలుపెట్టేలోపే నిమిషం అయిపోతది! విస్టాలో ఆ హద్దు పోయింది గానీ ఫైలు నొక్కేసిన డబ్ల్యూఎంఏగానే వచ్చేది. విండోస్ 11లోది నయం, వేవ్ ఇస్తుంది. అయినా మాట మాటకీ పేరు రాసి దాచుకునే వీలు అందులో లేదు.

నా ఓటు ఆడాసిటీకి. ఉచితం, 2000 నుంచి ఉంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనో పెట్టుకుంటే గంటకు దాదాపు 318 ఎంబీ అవుతుంది. లేబుల్ ట్రాక్‌లో ఏ మాట ఎక్కడుందో తెలుగులోనే రాసుకోవచ్చు. ౘ, చ తేడాను బొమ్మలో కొలవాలంటే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాట్ ఉంది. అదీ ఉచితమే, కాకపోతే నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్‌ను మాత్రం నమ్ముకోవద్దు. అది ఫ్యాను హోరులాంటి ఒకే తీరు చప్పుడుకు పనికొస్తది. పవర్‌లూమ్ టకటకలు అలా కావు, వాటిని తీయబోతే హల్లులు కూడా అరిగిపోతాయి. మగ్గాలు ఆగే సెలవునాడు, మైకు నోటికి జానెడు దూరంలో పెట్టి, అసలు రికార్డింగును ముట్టకుండా దాచండి.

ఏం అడగాలో తెలియకపోతే, భద్రిరాజు కృష్ణమూర్తి గారి ‘మాండలిక వృత్తిపదకోశం’ చేనేత సంపుటం (1971) పట్టుకుపోండి. పడుగు, పేక, ఆసు, కండె, నాడె: ఒక్కోటి మూడుసార్లు అనిపించండి. మధ్యలో మరాఠీ మాట దొర్లితే ఆపకండి, సరిచెయ్యకండి.