మైకు మా దాకా రాదా?

వార్తలో ఉన్న మనిషిని రోజూ ఒకర్ని పిలిచి, 'ఏం జరిగిందో నువ్వే చెప్పు' అనడం రేడియో చేయగల గొప్ప పని. 1966లో మొదలైన బీబీసీ 'అవుట్‌లుక్' ఇలాంటి సొంత గొంతులతోనే పేరు తెచ్చుకుంది. మన తెలుగు రేడియోకి సాయిబు ఎప్పుడు గుర్తొస్తాడు? రంజాన్‌ నాడు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకులు ఎందరో తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. అరెస్టు వార్తకి పేరు చాలు. విడుదల వార్తకి మనిషి గొంతు కావాలి.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు అంది. అయినా ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చెప్పే హక్కు లేదు. అంటే ఈ బాధ్యత ఆకాశవాణిదే.

పామూరు, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన దూదేకుల ముసలాయనా వార్తే. ఆయన్ని మతసామరస్యం గురించి కాదు, నీళ్ల గురించి అడగండి. రేడియోలో టోపీ, గడ్డం కనపడవు. పామూరు తెలుగు ఒక్కటే వినపడుతుంది. పక్క వీధివాళ్లు అది తమ మాటేనని గుర్తుపడతారు. అందుకే ఆ మైకు మాకు కావాలి.