ఆర్తి నుంచి ఆశకు: తెలుగు క్రైస్తవ కీర్తనల సాహిత్య విలువ

బైబిలులోని నూట యాభై ప్రార్థనా గీతాల సంపుటికి తెలుగు అనువాదకులు 'కీర్తనల గ్రంథము' అని పేరు పెట్టారు. అన్నమాచార్యుల నుంచి త్యాగరాజు వరకు భక్తికి వాహికగా నిలిచిన రచనా ప్రక్రియ పేరును పశ్చిమాసియాలో పుట్టిన గీతాలకు ఇవ్వడం కేవలం పదసౌలభ్యం కాదు. పరాయిదిగా తోచిన ఒక ప్రార్థనా సంప్రదాయానికి తెలుగు చెవికి తెలిసిన ద్వారం ఆ మాటతో తెరుచుకుంది.

ఆ గీతాలలో స్తుతుల కంటే ఆర్తగీతాల సంఖ్యే ఎక్కువ. ఇరవై రెండవ కీర్తన దేవుడు తన్ను విడిచిపెట్టాడన్న నిష్ఠూరంతో ప్రారంభమవుతుంది. సిలువ మీద క్రీస్తు పలికినట్లు సువార్తలు చెప్పే మాట అదే. ఎనభై ఎనిమిదవ కీర్తనలో చివరిదాకా ఊరట కానరాదు. అది చీకటిని చెప్పి ముగుస్తుంది. అయినా ఆ గీతం ప్రార్థనగానే మిగిలింది. కారణం, దుఃఖితుడు ఎదుటివానిని సంబోధించడం మానలేదు. కష్టం తీరుతుందన్న హామీ కంటే, వినేవాడొకడు ఉన్నాడన్న నమ్మకమే ఇక్కడ ఆశకు మూలం. క్రైస్తవ ప్రార్థనా సాహిత్యాన్ని అంచనా వేయడానికి ఇంతకంటే సరైన గీటురాయి లేదు.

ఈ గీటురాయి మీద నిలిచే రచయితలలో ప్రథముడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన ఈ కవి దేశీయ రాగతాళాలలో కీర్తనలు రచించాడు. ఆయన తరువాత పులిపాక జగన్నాథం, పంతగాని పరదేశి మొదలైనవారు ఆ మార్గాన్ని విస్తరింపజేశారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటిలో పాటలకు రాగం, తాళం పేర్కొనడం ఈ సంప్రదాయపు మూలాలను తెలుపుతుంది. కీర్తన నిర్మాణంలోనే ఒక విశేషముంది. చరణంలో ఎంత దుఃఖం వెళ్లబోసుకున్నా గాయకుడు తిరిగి పల్లవికి రావలసిందే. పల్లవిలో ఉండేది తరచుగా పిలుపు. కనుక దుఃఖానికీ పిలుపుకూ మధ్య రాకపోకలు సాగుతూనే ఉంటాయి. ఒక్కడు చరణం ఎత్తుకుంటే సమాజమంతా పల్లవి అందుకుంటుంది. ఆ విధంగా ఒంటరి ఆవేదన పదిమంది గొంతులోకి చేరుతుంది. అక్షరజ్ఞానం లేనివారు సైతం ఈ పాటలను కంఠస్థం చేయగలగడం గమనార్హం.

ఈ ప్రార్థనల వెనుక ఉన్న జనజీవితాన్ని చరిత్ర వెలుగులో చూడాలి. 1876–78 నాటి మహాక్షామంలో మద్రాసు రాజధాని అల్లాడిపోయింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని గుత్తకు తీసుకొని క్షామపీడితులకు పని కల్పించాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని, సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. సహాయ కార్యక్రమం ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆకలి ప్రభావం ఇందులో లేదనడం సాహసమే అవుతుంది. అయితే ఆకలి ఒక్కటే కారణమనడం కూడా అసమగ్రమే. గుడి గడప దాటడానికి వీలులేని మనిషికి, మధ్యవర్తి లేకుండా తన గోడు తన మాటలలో దేవునికి చెప్పుకునే హక్కు దొరకడం చిన్న విషయం కాదు.

ప్రార్థన బాధితుని ఊరడించి అన్యాయానికి లొంగదీస్తుందన్న విమర్శ ఒకటి ఉంది. దానిని తేలికగా తోసిపుచ్చరాదు. దానికి సాహిత్యపరంగా లభించే సమాధానం గుర్రం జాషువా (1895–1971). క్రైస్తవ కుటుంబంలో పుట్టి పద్యకవిత్వాన్ని చేపట్టిన ఆయన కులం పేరిట అవమానాలను భరించాడు. 1941 నాటి 'గబ్బిలం'లో ఆలయప్రవేశం లేని నిరుపేద తన మొరను గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి పంపుతాడు. అది క్రైస్తవ ప్రార్థన కాదు. కానీ ఆర్తగీతం ఏమి చేస్తుందో అదే చేస్తుంది. దైవాన్ని సంబోధిస్తూనే సమాజాన్ని నిలదీస్తుంది. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర'కు ఆయన ఎన్నుకున్న నాయకుడు ఎవరు? సువార్తలలో హేళనకు గురైనవాడు, మిత్రులు విడిచిపోయినవాడు, గెత్సేమనే తోటలో ఆ పాత్ర తొలగిపోవాలని తానే ప్రార్థించినవాడు. మొర వినేవాడే మొరపెట్టినవాడు కావడం క్రైస్తవ భావనలోని ప్రత్యేకత. అలాంటి దేవుని ముందు కన్నీరు సిగ్గుపడవలసిన పని లేదు, అన్యాయాన్ని దాచవలసిన పని అంతకంటే లేదు.

ఈ సాహిత్యమంతా ఉత్తమమైనదని కాదు. పడికట్టు పదాలతో నిండిన పాటలు చాలా ఉన్నాయి. బాధను ఒక్క పాదంలో దాటేసి మూడవ పాదానికే పరలోకానందం చేరుకునే రచనలు వినేవారిని కదిలించలేవు. చీకటిలో కొంతసేపు నిలిచిన పాటే వెలుగును నమ్మించగలదు. ఉత్తమ కీర్తనకారులు ఈ సత్యాన్ని ఎరిగినవారే.

తెలుగు సాహిత్య చరిత్రలలో ఈ కీర్తనలకు దక్కిన స్థానం స్వల్పం. మతప్రచార సామగ్రిగా భావించి వీటిని పక్కన పెట్టడం పరిపాటి అయింది. మందిరంలో, మంచం పట్టిన రోగి పక్కన, సమాధి తోటలో తరతరాలుగా పాడుకుంటున్న పాటలను విస్మరిస్తే, చెప్పుకోవడానికి వేరే చోటు లేని వేలమంది తెలుగువారి దుఃఖచరిత్రనూ, దానితోపాటు వారి ఆశనూ విస్మరించినట్లే అవుతుంది.