పట్టూ విడుపూ

నా కళ్ళజోడు డబ్బా మూసుకునేటప్పుడు ‘టప్’ మంటుంది. పన్నెండేళ్ళుగా అదే చప్పుడు. ఈలోగా నాలుగు ఫ్రేములు మారాయి, సైటు మైనస్ ఐదు నుంచి ఆరుంపావుకి పోయింది, జుట్టు సంగతి సరేసరి. డబ్బా మాత్రం మారలేదు. ఎప్పుడో షాపువాడు బిల్లు రాసిచ్చి, దాంతోపాటు సంచీలో ఊరికే పడేసిన వస్తువది. డబ్బు పెట్టి కొనని వస్తువంటే మనకి లోకువ. నాకూ లోకువే ఉండేది, అహోబిలంలో జారిపడేదాకా.

ఎగువ అహోబిలం గుడి దాటాక ఉగ్రస్తంభం వైపు పోయే దారి మెట్లతో మొదలై, చూస్తూండగానే భవనాశి వాగులోని గుండ్ల మీదకి దిగుతుంది. ఒక గుండు మీంచి ఇంకో గుండు మీదకి. చేతిలో కర్ర, వీపున సంచీ. జ్వాలా నరసింహస్వామి గుహ దగ్గరకొచ్చేసరికి వానాకాలమైతే పైనుంచి జలపాతం నేరుగా దారి మీదే పడుతుంది. ఆ తుంపర అద్దాలకు పట్టిందని తల విదిలించాను. అంతే. చెమటతో ముక్కు మీద సగం జారి ఉన్న కళ్ళజోడు ముందు వెళ్ళింది, వెనకాలే నేను. నేను నడుములోతు గుంటలో తేలాను, కళ్ళజోడు తేలలేదు.

సంచీలో పాత జత ఉంది. దాని డబ్బా మీద నిండు నీళ్ళ సీసా, సీసా మీద నేను. తీసి చూస్తే డబ్బా వీపు మీద బొటనవేలితో నొక్కినంత సొట్ట. లోపల కళ్ళజోడు నిద్రలోంచి లేచినట్టు చల్లగా ఉంది. ఆ రోజు సాయంత్రం దిగువ అహోబిలంలో గది మంచం మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి ఆ డబ్బాని పరిశీలనగా చూశాను.

రెండు పల్చటి రేకు చిప్పలు. పైన రెక్సిన్, లోపల మఖ్మల్ లాంటి నూగు. మూత చదునుగా లేదు, తాబేలు వీపులా ఉబ్బి ఉంది. అద్దాలకూ ముక్కు దగ్గరి వంపుకూ చోటు కావాలి కాబట్టి ఆ ఉబ్బు అనుకుంటాం. నిజమే, కానీ అది చేసే పని అంతటితో అయిపోదు. చదును రేకు మీద బరువు పడితే నడుమ కుంగుతుంది. ఉబ్బిన రేకు మీద పడిన బరువు నాలుగు వైపులకీ పాకి అంచుల్లోకి దిగుతుంది. పాత వంతెనల కమాన్లు చేసే పనే ఇది, అరచేతిలో పట్టేంత కొలతలో. నా బరువు ఆ అంచుల మీదకే పోయింది. సొట్ట పడిందంటే రేకు ఓడిపోయిందని కాదు. దెబ్బలో కొంత తాను మింగి, లోపలికి పోనివ్వలేదని.

అసలు పనితనం మాత్రం వెనకవైపు, రెక్సిన్ మడత కింద దాక్కుని ఉంది. అక్కడ ఒక స్ప్రింగు బందు. మూత కొంచెం ఎత్తి వదిలితే వెనక్కి లాక్కుంటుంది. ఇంకొంచెం ఎత్తినా లాక్కుంటుంది. సుమారు సగం దాటాక ఒక్కసారిగా మనసు మార్చుకుని పూర్తిగా తెరుచుకుంటుంది. మూసేటప్పుడూ అంతే. సగం దాకా మన పని, ఆ తర్వాత దాని పని. ఓరవాకిలిగా నిలబడటం దానికి తెలియదు. మీట లేదు, గొళ్ళెం లేదు, జిప్పు లేదు. కొండదారిలో సంచీ రోజంతా ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. ప్రతి కుదుపుకీ మూత వెంట్రుకవాసి లేస్తుంది, స్ప్రింగు వెంటనే లాగేసుకుంటుంది. తాళం వేసిన పెట్టెను తీయాలంటే రెండు చేతులూ కావాలి. దీన్ని కర్ర పట్టుకున్న చేతిని కదపకుండా, రెండో చేతి బొటనవేలితో తీయొచ్చు. ఎంత గట్టిగా పట్టాలో, ఎంత తేలిగ్గా వదలాలో ఆ ఒక్క బద్దకి తెలుసు. ఈ తెలివి ఎవరిదో, పేరు డబ్బా మీద లేదు.

ఇప్పుడు ట్రెక్కింగ్ సామాన్ల దుకాణాల్లో నురుగు రబ్బరుతో అచ్చుపోసిన జిప్పు పెట్టెలు అమ్ముతున్నారు. తేలిక, అందం, పక్కన కొక్కెం కూడా. నాకు నచ్చవు. జిప్పు పళ్ళలో ఇసుక చేరితే రెండు రోజుల్లో మొరాయిస్తుంది. అంతకన్నా పెద్ద లోపం, జిప్పు వేయడం మనం గుర్తుపెట్టుకోవాలి. ఆయాసపడుతున్న మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడే వస్తువుని నేను మంచి పనితనం అనలేను.

డబ్బాలో పెట్టే తీరు కూడా ఆ పనిలో భాగమే. చాలా ఫ్రేముల్లో ఎడమ కాడ ముందు, కుడి కాడ దాని మీద ముడుచుకునేలా చేస్తారు. తలకిందులుగా ముడిస్తే సరిగ్గా సర్దుకోదు, మూత దాన్ని నొక్కుతుంది. అద్దాలు పైకి, కాడలు కిందికి. తుడిచే గుడ్డ మీద పరిస్తే మిగిలిన సందు నిండుతుంది. ఆపైన చెవి దగ్గర ఊపి చూడాలి. గలగలమంటే లోపల అద్దం రోజంతా దెబ్బలు తింటుందని అర్థం. నూగుతో ఒక చిక్కుంది. ఇసుకని వదలదు. అందుకే నెలకోసారి డబ్బా బోర్లించి వీపు మీద చరుస్తాను.

అయితే మైనస్ ఆరు మనిషికి డబ్బా సగం పరిష్కారమే. కళ్ళజోడు ముఖం మీదే ఉంటుంది, పడుకున్నప్పుడు తప్ప. ఆ మిగతా సగం నాకు నేర్పింది ఉగ్రస్తంభం దారిలో కనబడ్డ ఒక డోలీ మోసే పెద్దాయన.

పాత జత పెట్టుకుని, తడిసిన బట్టలతో దిగుతున్నాను. ఎదురుగా ఖాళీ డోలీతో ఎక్కుతున్నారు ఇద్దరు. ముందున్నాయనకి అరవై దాటి ఉంటాయి. ముఖాన కళ్ళజోడు. దాని రెండు కాడల చివర్లకీ సన్నటి నల్ల రబ్బరు గొట్టాలు తొడిగి ఉన్నాయి. సైకిలు చక్రంలో గాలి కొట్టే చోట పిన్నుకి తొడిగే వాల్వు ట్యూబు! గొట్టాల కొసలకి నల్ల మొలతాడు కట్టి, తల వెనక ముడేశాడు.

“ఇదెవరు చెప్పారు పెద్దాయనా?”

“ఎవురు సెప్తారు సామీ? నాలుగు తూర్లు పోగొట్టుకున్న్యా. ఐదో తూరికి తెలివొచ్చె. రెండు సేతులూ బొంగు మీదుంటాయి గదా, జారితే పైకి తోసేదెవురు?”

అడిగి తీసి చూశాను. గొట్టం లోపలి బెజ్జం కాడ కన్నా సన్నం. ఎక్కించాలంటే ఉమ్మి తడి కావాలి. ఎక్కాక రబ్బరు కాడని చుట్టూరా పిండుకుంటుంది. కాడ చివర చెవి వెనక వెడల్పు ఉంటుంది కదా, ఆ వెడల్పు దాటి గొట్టం ఇవతలికి వచ్చి కూర్చుంటుంది. లాగితే ఆ ఉబ్బుకే తట్టి ఆగుతుంది. ముడి తల వెనక ఉంది కనుక బోనులో బిగించినట్టు ఉండదు. రెండు వేళ్ళు దూరేంత సడలు ఉంచాడు, వంగితే మాత్రం జారదు.

అమెరికాలో యూటా రాష్ట్రంలోని హరికేన్ అనే ఊళ్ళో 1983లో మైక్ టేలర్ అనే ఆయన ఇదే పని చేసి చమ్స్ అనే కంపెనీ పెట్టాడు. ఆయన నదుల్లో పడవ మీద జనాన్ని తిప్పే గైడు. నూలు గుడ్డని సన్నటి గొట్టంగా కుట్టి కాడలకి తొడిగాడు. అంతకుముందే, 1977లో, వయోమింగ్‌లోని జాక్సన్ హోల్ మంచుకొండల్లో క్రోకీస్ అనే కంపెనీ పుట్టింది. అక్కడ నూలు బదులు నియోప్రీన్, అంటే నీళ్ళలో ఈదేవాళ్ళు వేసుకునే సూట్ల రబ్బరు. పెద్దాయన ఈ రెండూ ఎన్నడూ చూసుండడు. చేతులు ఖాళీ లేని మనుషులు ముగ్గురు మూడు చోట్ల ఒకే జవాబు కనిపెట్టారు. ఒకరికి తెడ్డు, ఒకరికి మంచు, ఒకరికి బొంగు.

ఇంటికొచ్చాక ఒక నియోప్రీన్ తాడు తెప్పించుకుని ఆయన పనితో పోల్చి చూశాను. కుట్టు బాగుంది. అతుకు బయటివైపు ఉంది, చర్మానికి ఒరుసుకోదు. వెనక జారుడు పూస ఉంది, బిగింపు ఒక చేత్తో సరిచేసుకోవచ్చు. ఈ విషయంలో ముడి కన్నా పూసదే పైచేయి. కానీ తడిసిన నియోప్రీన్ మెడ మీద తడిగుడ్డ వేసుకున్నట్టు ఉంటుంది, మొలతాడుకి ఆ బాధ లేదు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన గుణం రెండింటిలోనూ ఉంది. గట్టిగా లాగితే ఊడివస్తాయి. చెట్టుకొమ్మ తాడుకి తగులుకున్నప్పుడు కాడకి బెజ్జం పెట్టి రింగు వేసి కట్టుంటే, తెగేది కాడ, లేదా గీరుకునేది మెడ. తొడుగు అయితే జారి వదిలేస్తుంది. పట్టు గురించే ఆలోచించేవాడు రింగు వేస్తాడు. విడుపు గురించి కూడా ఆలోచించేవాడు తొడుగు చేస్తాడు.

కోతుల సంగతి చెప్పకపోతే అహోబిలం వాళ్ళు నవ్వుతారు. బృందావనం కోతులు కళ్ళజోడు ఎత్తుకుపోయి, తినడానికేదైనా ఇస్తే గాని వదలవని లోకమంతా ఎరుగును. బాలి ద్వీపంలో ఉలువటు గుడి కోతుల బేరసారాల మీదయితే పరిశోధకులు వ్యాసాలే రాశారు. తాడు కడితే దొంగకి ఒక్క లాగుకి పని కాదు. అయినా కోతితో తాడు లాగుడు పోటీకి దిగమని ఎవరికీ చెప్పను. లాగిందా, ఇచ్చేయండి.

ఫ్రేము దగ్గరకొస్తే, దాన్ని చంపేది చాలాసార్లు రాయి కాదు, స్క్రూ. కాడని ముందుభాగానికి కలిపే ఆ మర మందం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. కాడ తెరిచి మూసిన ప్రతిసారీ అది ఓ పిసరు తిరుగుతుంది. చెమట ఉప్పు అక్కడికే చేరుతుంది. కొండ మీద మూడో రోజు మధ్యాహ్నం, ఏ చప్పుడూ లేకుండా, గడ్డిలోకి రాలిపోతుంది. బయలుదేరే ముందు బిగించి, మర తల మీద రంగులేని గోళ్ళ రంగు ఒక్క చుక్క వేస్తే కదలదు. మా వీధి కళ్ళజోళ్ళాయన నేర్పిన చిట్కా ఇది. కావాలంటే గోటితో గీకి మళ్ళీ విప్పుకోవచ్చు.

వంచితే వంగి మళ్ళీ మొదటికొచ్చే ఫ్రేములున్నాయి. నికెల్, టైటానియం కలిపిన లోహం, నైటినాల్. ఆ పేరులో రెండు లోహాలతో పాటు అది పుట్టిన అమెరికా నౌకాదళ ప్రయోగశాల పొడి అక్షరాలూ ఉన్నాయి. దాదాపు 8 శాతం సాగదీసినా పాత ఆకారానికి వస్తుంది. మామూలు ఉక్కు ఒక శాతం కూడా ఓర్చుకోదు. ఆ కాడని వేలికి చుట్టుకుని వదిలితే గాల్లో బారుగా లేస్తుంది, చూడముచ్చటే. నేను కొని ఏడాది వాడాను. చిక్కేమిటంటే, మన చెవికి తగ్గట్టు వంచమంటే అది వినదు. వంచినా మళ్ళీ తన ఆకారానికే పోతుంది. షాపాయన చేతిలో ఓసారి వంగి, ఆ వంపులోనే ఉండిపోయే మామూలు లోహమే నాకు నయమనిపించింది. మా తాతగారి గుండ్రటి కళ్ళజోడు కాడలు చెవి చుట్టూ పూర్తిగా తిరిగి తమ్మె దాకా వచ్చేవి. మంచుకొండలెక్కేవాళ్ళ నల్లద్దాలకి ఇప్పటికీ అలాంటి కాడలు పెడతారు. ఎవరెస్టు మీద 1924 జూన్ 4న ఎడ్వర్డ్ నార్టన్ 8,572 మీటర్ల దాకా ఎక్కాడు. రాళ్ళ మీద దారి సరిగ్గా కనబడాలని అద్దాలు తీసేసి ఎక్కాడు. ఆ రాత్రికి కళ్ళు కనబడలేదు. నాలుగు రోజులకి అదే కొండ మీద మాయమైన అతని సహచరుడు మాలరీ శవం 1999లో దొరికినప్పుడు, ఆయన అద్దాలు జేబులో ఉన్నాయి. చీకటి పడ్డాక దిగుతూ ఉండగా పడ్డాడేమోనని కొందరు ఊహించింది దాన్ని బట్టే.

అద్దాల గురించి ఒక్క సంగతి. ఇప్పుడు చాలామంది పెట్టుకునేది పాలికార్బొనేట్ లాంటి ప్లాస్టిక్కు. సుత్తి దెబ్బకి ఓర్చుకుంటుంది, దుమ్ముకి ఓర్చుకోదు. నల్లమల కొండల్లో క్వార్ట్‌జైట్ రాయి ఎక్కువ. ఆ రాతి పొడి గాజునే గీస్తుంది, ప్లాస్టిక్కు ఎంత! చొక్కా కొస తడిపైనా సరే, ముందే తుడవకూడదు. సీసాలో నీళ్ళు ధారగా పోసి దుమ్ము కడిగాకే గుడ్డ తగలాలి. డీట్ ఉన్న దోమల మందు చేతికి రాసుకుని, అదే చేత్తో అద్దాలు ముట్టుకుంటే ప్లాస్టిక్కు కరిగి మసకబారుతుంది. ఒక ఫ్రేము నాకలాగే పోయింది. తప్పు నా చేతిదే.

మరుసటేడు మళ్ళీ వెళ్ళినప్పుడు పెద్దాయన కోసం ఒక నియోప్రీన్ తాడు పట్టుకెళ్ళాను. సాగదీసి చూశాడు, పూసని అటూ ఇటూ జరిపి చూశాడు, వాసన కూడా చూశాడు.

“బాగుండాది సామీ. మా మనవడికిస్తా, వాడికి కొత్తగా అద్దాలు పడినాయి.”

మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తన ముఖాన వాల్వు ట్యూబు అలాగే ఉంది, మొలతాడు మాత్రం కొత్తది. తర్వాత రొంటిన ఉన్న పొట్లం విప్పి, వేలెడేసి నల్ల గొట్టం ముక్కలు రెండు నా చేతిలో పెట్టాడు. “దావలో తెగితే కావాల గదా” అన్నాడు. అవి ఇప్పుడు డబ్బాలో, గుడ్డ మడత కింద, ఒక విడి స్క్రూ పక్కన ఉన్నాయి. ఊపి చూస్తే చప్పుడు రాదు.