ఎవరికి బయట?

పోయిన నెల మా పదో తరగతి పిల్లల్ని తెలుగు సారు కుమార కృప రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్‌కు తీసుకెళ్లారు. మెజెస్టిక్‌లో బస్సెక్కి, శివానంద సర్కిల్ దగ్గర దిగి నడిచాం. 1960లో మొదలైన ఈ సంస్థలో రోరిక్‌ల హిమాలయ చిత్రాలున్నాయి, మైసూరు సంప్రదాయ చిత్రాలున్నాయి. నేను రాస్తున్నది మాత్రం తోలుబొమ్మల గురించి.

వెళ్లే ముందురోజు సారు బోర్డు మీద 'అవుట్‌సైడర్ ఆర్ట్' అని రాశారు. 1972లో రోజర్ కార్డినల్ అనే ఆయన రాసిన పుస్తకం పేరు అది. ఏ కాలేజీలోనూ చదవకుండా తమంతట తాము బొమ్మలు చేసేవాళ్ల కళను ఇప్పుడు అలా పిలుస్తున్నారు. మన దేశంలో అయితే చండీగఢ్ నేక్‌చంద్ గారు గుర్తొస్తారు. ఆయన రోడ్ ఇన్‌స్పెక్టర్. పగిలిన గాజులు, కప్పులు, పనికిరాని సామాన్లు ఏరుకొచ్చి అడవిలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేశారు. 1976లో ఆ తోటను అందరూ చూసేందుకు తెరిచారు. అదే రాక్ గార్డెన్.

"అంత దూరం పోలేం గానీ, కాలేజీ గడప తొక్కనివాళ్ల బొమ్మలు ఇక్కడా ఉన్నాయి. ఈ మాట వాళ్లకు సరిపోతుందా లేదా చూసి రాయండి" అన్నారు సారు.

చూశాను. ముందు నచ్చినవి చెబుతాను. కర్ణాటక బొమ్మల్లో ఒకే తోలు మీద మనుషులు, రథం, చెట్టు అన్నీ కలిపి సన్నివేశం మొత్తం ఉండేవి ఉన్నాయి. మన ఆంధ్ర బొమ్మలు అలా కాదు. ఒక్కో పాత్రకు ఒక్కో బొమ్మ, చేతులు కాళ్లు విడిగా కోసి కడతారు, కొన్నయితే మనిషంత ఎత్తుంటాయి. నగలు రావాల్సిన చోట చిన్న చిన్న చిల్లులు పొడిచారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే నగ. ఇంత తెలివి చదువురానివాళ్ల పొరపాటున పుట్టేది కాదు.

నచ్చనిది కూడా చెప్పాలి. తోలుబొమ్మ గోడకు తగిలించేందుకు పుట్టలేదు. తెర, దీపం, పాట, ఆడించే చేయి ఉంటేనే అది పూర్తవుతుంది. గదిలో అది కదలదు. మా క్లాసు పిల్లలు చాలామంది రెండు నిమిషాల్లో చూసి బయటికొచ్చేశారు. వాళ్ల తప్పు కాదు. నెలకు ఒక్కరోజైనా ఒక బొమ్మను తెర వెనక ఆడించి చూపిస్తే ఎవరూ అంత తొందరగా వెళ్లరు. అయినా పరిషత్ స్థాపకులు ఎం.ఎస్. నంజుండరావు గారి లాంటివాళ్లు శ్రద్ధగా సేకరించకపోతే, ఈ మాత్రం కూడా మా కంటపడేది కాదు.

ఇక సారు అడిగిన ప్రశ్న. కర్ణాటకలో ఈ ఆట ఆడేవాళ్లను కిళ్లేక్యాతలు అంటారు. ఆటలోని హాస్యగాడి పేరు కూడా అదే. మన కేతిగాడికి చుట్టమన్నమాట. వాళ్లలో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెర వెనక కన్నడం. ఆంధ్రలో ఆడేవాళ్లు కూడా ఇంట్లో మరాఠీ, ఆటలో తెలుగు. ఇది విన్నప్పుడు మా బడే గుర్తొచ్చింది. మేం ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మమ్మల్ని కూడా అప్పుడప్పుడు 'బయటివాళ్లు' అంటారు. కానీ ఊరంతా రాత్రి తెల్లవార్లూ కూర్చుని వాళ్ల రామాయణం చూసేది కదా! ఊరికి నడిమధ్య తెర కట్టినవాళ్లు ఎవరికి బయట?

ఇంటికొచ్చి మా నాయనకు చెప్పాను. ఆయన హిందూపురం నుంచి వచ్చిన బోర్డు పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గి, ఇప్పుడు ఇళ్లకు సున్నాలు, రంగులు వేస్తున్నాడు.

"నువ్వూ ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నోడివే కదా నాయనా?" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. "ఎవురు చెప్పినారు నీకు? మూడేండ్లు మేస్త్రి దగ్గర డబ్బాలు కడిగినా. బ్రష్షు చేతికిచ్చింది నాలుగో ఏడు" అన్నాడు.

నాకు జవాబు అక్కడే దొరికింది. నేక్‌చంద్ గారు ఒంటరిగా, తన ఊహతో చేశారు. ఆయనకు ఆ మాట కొంత సరిపోతుంది. తోలుబొమ్మలవాళ్లకు సరిపోదు. తోలు శుభ్రం చేయడం నాన్న దగ్గర, పాట తాత దగ్గర నేర్చుకున్నవాళ్లు వాళ్లు. ఆ ఇల్లే వాళ్ల కాలేజీ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి ఈ కళకే 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ ఇద్దరినీ ఒకే పేరుతో పిలిస్తే, నేర్పినవాళ్లందరూ లెక్కలోంచి పోతారు.

పోయిన ఏడాది బడి ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'ప్రైవేటు' అని రాశాను. పెయింటర్ అని రాయడానికి సిగ్గేసింది. ఈ సంగతి నాయనకు ఇంకా చెప్పలేదు. ఈ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన్ని కూడా ఆ బొమ్మల దగ్గరికి తీసుకెళ్లాలని ఉంది. నాకు కనిపించనివి ఆయన కంటికి కనిపిస్తాయి.