కౌంటర్‌కి అటువైపు నిలబడ్డ ఆమె

ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న బ్రైటన్‌లో, బ్లాక్ లయన్ వీధిలో 'ది క్రికెటర్స్' అనే పబ్ ఉంది. ఊళ్లోకెల్లా పాతది తనేనని చెప్పుకుంటుంది గానీ లోపలి హంగంతా విక్టోరియా రాణి కాలానిదే. ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లి నారింజ రసం అడిగి, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్నట్టు ఓ మూల కూర్చున్నాను. ఆ ఊళ్లో నన్నెవరు చూస్తారు! కానీ నేను స్త్రీవాదం నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, సారా వ్యతిరేక ఉద్యమంలో. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగినప్పుడు నాకు కాలేజీ వయసు. మద్యం అమ్మే చోటంటే నాకు శత్రువు గుమ్మమే.

ఈ పబ్ చరిత్ర ఎక్కడ చదివినా ఇద్దరు మగవాళ్లు తగులుతారు. ఒకరు ఇక్కడికి వచ్చిపోయిన నవలాకారుడు గ్రాహమ్ గ్రీన్. ఇంకొకడు 1888లో ఇక్కడ బస చేసిన రాబర్ట్ డాన్‌స్టన్ స్టీఫెన్‌సన్. ఆ ఏడాదే లండన్‌లో ఆడవాళ్లను వరసగా చంపిన 'జాక్ ది రిప్పర్' ఇతనేనేమోనని తర్వాత కొందరు అనుమానించారు. రుజువేమీ కాలేదు. అయినా ఆడవాళ్లను చంపాడేమోనన్న అనుమానం ఒక్కటి చాలింది, అతని పేరు చరిత్రలోకెక్కడానికి. ఆ రోజుల్లో అతను పడుకున్న పక్క ఎవరు సర్దారో, తాగిన గ్లాసు ఎవరు కడిగారో ఆ చరిత్రల్లో నాకు దొరకలేదు.

నిజానికి విక్టోరియన్ పబ్ చాలావరకు ఇల్లే. 1830 చట్టం వచ్చాక పన్ను కట్టే ఏ గృహస్థయినా రెండు గినీలు చెల్లించి బీరు అమ్ముకోవచ్చు. అలా ఇళ్ల ముందుగదులు దుకాణాలయ్యాయి. 1841లో బ్రైటన్‌కి రైలొచ్చింది, 1871లో బ్యాంకు సెలవుల చట్టమొచ్చింది, లండన్ జనం సముద్రం మీదకి విరుచుకుపడ్డారు. వాళ్లందరికీ వండి, పోసి, తుడిచి, తాగి తూలేవాణ్ణి బయటికి సాగనంపిందెవరు? 1851 జనాభా లెక్కలు 'సత్రం యజమాని భార్య' అన్నదాన్ని ఒక వృత్తిగా రాసుకున్నాయి. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, 1881లో, ఇంటిపని చేసే భార్యలు 'వృత్తి లేనివారి' జాబితాలోకి జారిపోయారు. పని తగ్గిందా? లేదు, లెక్క మారింది.

సాహిత్యం ఏమైనా మెరుగా అంటే, గ్రీన్ 1938 నవల 'బ్రైటన్ రాక్'లో ఐడా ఆర్నాల్డ్ ఉంది. ఒక పబ్‌లో పాడుతుండగా ఆమె గొంతు మనకి మొదట వినిపిస్తుంది. కాసేపు పరిచయమైన మనిషి చనిపోతే, అది సహజ మరణమని అధికారులు తేల్చేసినా, నమ్మక వెంటాడేది ఆమె ఒక్కతే. ఆ పట్టుదలకి రచయిత ఇచ్చిన బహుమతి వెక్కిరింపు. ఆమె పెద్ద రొమ్ములు, ఆమె నవ్వు, ఆమె తాగుడు మాటిమాటికీ మన కళ్లముందుకొస్తాయి. ఆమెకి తెలిసింది తప్పొప్పులేనట, పాపపుణ్యాల లోతు తెలియదట! ఆ లోతు హంతకుడైన పదిహేడేళ్ల పింకీకీ, అతన్ని ప్రేమించి నలిగిపోయే పదహారేళ్ల రోజ్‌కీ దక్కింది. విమర్శకులు చాలామంది ఈ తూకాన్ని అలాగే ఒప్పుకున్నారు. నాకు మాత్రం గ్రీన్ ఐడాని కొత్తగా సృష్టించలేదనిపిస్తుంది. చరిత్రకారుడు పీటర్ బెయిలీ 1990లో విక్టోరియన్ బార్‌మెయిడ్ గురించి ఒక వ్యాసం రాశాడు. ఆమె చూడ్డానికి అందుబాటులో ఉండాలి, తాకడానికి ఉండకూడదు. కౌంటర్ బల్ల ఆ గీత. ఐడా ఆ గీత దాటి ఇటువైపు వచ్చి తానే తాగింది. గ్రీన్ క్షమించలేనిది అదేనేమో.

అసలు చిక్కు ఇక్కడుంది. 1908లో బ్రిటన్‌లో మద్యం లైసెన్సుల బిల్లొకటి వచ్చింది. బార్లలో ఆడవాళ్లు పనిచేయకుండా అడ్డుకోగల నిబంధన అందులో ఉంది. ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఈవా గోర్-బూత్, ఎస్తర్ రోపర్ బార్‌మెయిడ్ల కూడు తీయొద్దని వీధికెక్కారు. ఆ ఏప్రిల్‌లో మాంచెస్టర్ ఉపఎన్నికలో చర్చిల్‌కి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. అతను ఓడిపోయాడు, అందుకు వేరే కారణాలూ ఉన్నాయనుకోండి. ఆ నిబంధన నెగ్గలేదు. దాన్ని సమర్థించిన మద్య వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లూ ఉన్నారు. అంటే ఆ కాలంలో పుట్టి ఉంటే నేను ఉండేది బహుశా వాళ్ల పక్కన.

అక్కడ నెగ్గని మాట ఇక్కడ నెగ్గింది. మద్యం తాగే చోట ఆడవాళ్లకి ఉద్యోగం ఇవ్వరాదని 1914 పంజాబ్ ఎక్సైజ్ చట్టం 30వ సెక్షన్ అంది. ఢిల్లీలోనూ అమలైన ఆ సెక్షన్ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 2007లో.

నెల్లూరు ఉద్యమంలో తిరిగిన నా స్నేహితురాలికి ఈ తీర్పు సంగతి చెప్పాను. "తాగినోళ్ల మధ్య అర్ధరాత్రిదాకా పనిచేసిన పిల్లని ఇంటికెవరు చేరుస్తారే?" అంది. ఆ మాట కాదనలేను. "అది పిల్లని కాదు, యజమానిని అడగాలి" అన్నాను. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.