చెవితో చదివే దస్త్రం

కంప్యూటర్ తెరపై ఉన్న పాఠాన్ని, మెనూలను, బటన్లను కృత్రిమ స్వరంతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. చూపు లేని ఉద్యోగి మౌస్‌తో నిమిత్తం లేకుండా, కీబోర్డు మీదే వేళ్లు ఆడిస్తూ, ఆ స్వరం ఆధారంగా ఉత్తరాలు రాస్తాడు, లెక్కలు వేస్తాడు, పై అధికారి దిద్దిన చిత్తుప్రతిని సరిచూస్తాడు. ఈ సాఫ్ట్‌వేర్లలో పేరున్న జాస్ 1995లో విండోస్‌కు వచ్చింది. దానికి పెద్ద మొత్తం చెల్లించాలి కనుక, స్వయంగా అంధుడైన మైకేల్ కర్రన్ 2006లో ఆస్ట్రేలియాలో ఆరంభించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్‌వీడీఏ ఎందరికో ఆసరా అయింది.

విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో తెరంతా అక్షరాలే కాబట్టి వాటిని ఉన్నవి ఉన్నట్టు చదివితే సరిపోయేది. విండోస్ రాకతో తెర ఒక బొమ్మగా మారి, అందులో ఏది బటనో, ఏది రాయవలసిన గడో స్క్రీన్ రీడర్ ఊహించుకోవలసి వచ్చింది. 1997లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన యాక్టివ్ యాక్సెసిబిలిటీ అనే వ్యవస్థ ఈ ఊహాగానాన్ని చాలావరకు తగ్గించింది. తెరపై ఉన్న ప్రతి అంశం తన పేరేమిటో, తన పనేమిటో, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో స్క్రీన్ రీడర్‌కు చెప్పుకునే వీలు దానితో ఏర్పడింది. ఆ తరువాత 2007 ఆఫీస్‌లో పాత మెనూల స్థానంలో రిబ్బన్ అనే పట్టీ వచ్చి, ఏళ్ల తరబడి కంఠస్థం చేసిన దారులను చెరిపేసిన మాట నిజమే అయినా, నేడు వర్డ్, ఎక్సెల్‌లతో చేసే రోజువారీ పనిలో ఎక్కువ భాగం చూపు లేకుండానే సాగుతుంది. మిగిలిన చిక్కుల్లో పెద్దవి సాఫ్ట్‌వేర్‌లో కన్నా, చూపున్నవారు దానితో తయారుచేసే దస్త్రాల్లోనే ఉన్నాయి.

చూపున్నవారు శీర్షికను అక్షరాల పరిమాణం పెంచి, బోల్డ్ చేసి చూపుతారు. కంటికి అది శీర్షికే, స్క్రీన్ రీడర్‌కు మాత్రం మరొక పేరా. అదే వాక్యానికి వర్డ్‌లోని హెడింగ్ స్టైల్, అనగా ఇది ఫలానా స్థాయి శీర్షిక అని ఫైలులోనే నమోదు చేసే గుర్తు, తగిలిస్తే, నలభై పేజీల నివేదికలో వినేవారు ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు ఒక్క మీట నొక్కుతో వెళ్లగలరు. కొత్త పేజీ కోసం వరుసగా ఎంటర్ కొట్టుకుంటూ పోయే అలవాటు వల్ల అన్నిసార్లూ ‘ఖాళీ, ఖాళీ’ అని వినవలసి వస్తుంది. ఎక్సెల్‌లో కలిపేసిన గడులు వరుసల లెక్కను తప్పిస్తాయి. బకాయిదారుల పేర్లకు ఎర్ర రంగు పూసి ఊరుకుంటే, రంగును చెప్పమని ప్రత్యేకంగా అమర్చుకోనిదే స్క్రీన్ రీడర్ బాకీ ఉన్నవారినీ లేనివారినీ ఒకే గొంతుతో చదివేస్తుంది. పక్కన ‘బకాయి’ అన్న మాటతో మరొక నిలువు వరుస చేర్చడానికి పట్టే శ్రమ ఎంతటిదని?

తెలుగు దస్త్రాల విషయంలో దీనికి మించిన చిక్కు ఒకటుంది. యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో తెలుగు లిపికి 128 స్థానాల ప్రత్యేక పట్టిక ఉంది. ఏ ఫాంటులో ఉన్నా ‘క’కు సంఖ్య ఒకటే, అందువల్ల ఏ స్క్రీన్ రీడరైనా దానిని ‘క’ అని గుర్తుపడుతుంది. అను ఫాంట్ల వంటి పాత డీటీపీ ఫాంట్లు, ఆ పట్టికతో సంబంధం లేకుండా, ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు వంటి అక్షర శకలాలను కూర్చాయి. కంటికి అచ్చతెలుగుగా కనిపించే వాక్యం ఫైలులో ఇంగ్లిషు అక్షరాల కలగాపులగంగా నిలిచి, వినేవారికి అర్థం లేని మోతగా చేరుతుంది. తెలుగు యూనికోడ్‌ను కూర్చలేని పేజ్‌మేకర్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ మీద ముద్రణ రంగం చిరకాలం ఆధారపడటం, ఆ ఫాంట్లలోని అక్షరాల సొగసు, టైపిస్టుల వేళ్లకు అలవడిన కీబోర్డు అమరిక వాటిని నిలబెట్టాయి. ఈ కారణాలు ఒకప్పుడు బలమైనవే. పాత అమరికతోనే యూనికోడ్ కొట్టగల సాధనాలు వచ్చాక వాటిలో చివరిదానికి పస తగ్గింది.

అటువంటి ఫాంటులో కొట్టిన ఉత్తర్వును ముద్రించి, సంతకం చేసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపితే అందులో ఆ తప్పు అక్షరాలు కూడా మిగలవు, పేజీ ఫొటో మాత్రమే మిగులుతుంది. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ అనే ప్రక్రియతో, టైపిస్టు మొదటే కొట్టిన మాటలను చూపు లేని ఉద్యోగి మళ్లీ రాబట్టుకోవాలి. ముద్ర పడిన చోట, మసకబారిన అంకెల దగ్గర ఆ ప్రక్రియ తడబడుతుంది. వెబ్‌సైట్లలో ఉంచే దస్త్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలో గాని, ఓసీఆర్ ఆధారిత పీడీఎఫ్‌గా గాని ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 2017లో చేసిన నియమాలు చెప్పాయి. సౌలభ్య ప్రమాణాలను చట్టం తప్పనిసరి అంటుండగా, వాటిని నిర్దేశించే 15వ నియమం సిఫారసు స్థాయిలోనే ఆగిపోయిందని, అది చట్టానికి విరుద్ధమని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను వేరుచేసి రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ప్రమాణాలు ఎంత కట్టుదిట్టంగా వచ్చినా, కాగితం మీది సంతకానికి బదులు డిజిటల్ సంతకాన్ని అంగీకరించి ముద్రణ, స్కానింగ్ అనే రెండు మెట్లను తొలగించడం, తొలి అక్షరాన్నే యూనికోడ్‌లో కొట్టడం ఆయా కార్యాలయాల గదుల్లోనే జరగాలి. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగం ఇప్పటికే ఆ బల్లల మీది కంప్యూటర్లలో ఉంది.