అమ్మ కూరలో నూనె తగ్గిస్తే

కన్నవాళ్ళు పోయిన ఇంట్లో వాళ్ళ వంటను మార్చడానికి ఎవరికీ చేతులు రావు. బరువు తగ్గమని డాక్టరు చెబుతాడు, సుగర్ అంచుల్లో ఉందని హెచ్చరిస్తాడు. తీరా పొయ్యి దగ్గరికి వచ్చేసరికి, అమ్మ చేసినట్టు మూకుడు నిండా నూనె పోసి వంకాయ వేయించకపోతే ఆమెను మరోసారి పోగొట్టుకున్నట్టుంటుంది. నాన్న ఇష్టంగా తిన్న ముద్దపప్పులో నెయ్యి తగ్గితే ఆయనకే తక్కువ చేసినట్టనిపిస్తుంది. ఈ బాధను చాదస్తమని కొట్టిపారేసే వైద్య సలహా ఎంత మంచిదైనా ఇంట్లో నాలుగు రోజులు నిలవదు. బాధను అలాగే ఉంచుకుని కంచాన్ని తేలిక చేసుకోవచ్చని, అందుకు దారి ఆ తల్లిదండ్రుల వంటలోనే ఉందని నా నమ్మకం.

విజయనగరం దగ్గరి నెల్లిమర్లలో ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళ సంగతే తీసుకుందాం. వాళ్ళ తండ్రుల్లో ఎందరో జూట్ మిల్లులో షిఫ్టులకు వెళ్ళినవాళ్ళు, చంపావతి ఒడ్డు పొలాల్లో ఒళ్ళు వంచినవాళ్ళు. ఎనిమిది గంటలు యంత్రాల ముందు నిలబడి వచ్చిన మనిషి ఆకలి చూసి ఇల్లాలు వడ్డించిన అన్నం అది. ఆ కష్టానికి తగ్గ కొలత అది. కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసే కొడుక్కీ, కూతురికీ అదే కొలత కొనసాగితే, మిగిలినదంతా నడుము చుట్టూ చేరుతుంది. అమ్మ ఏనాడూ అందరికీ ఒకటే వండలేదు. జ్వరం వచ్చినవాడికి జావ కాచింది, బాలింతకు పథ్యం పెట్టింది, దమ్ము చేసి వచ్చినవాడికి గిన్నె నిండా వడ్డించింది. ఎవరి ఒంటికి ఏది కావాలో చూసి పెట్టడం ఆమె విద్య. సుగర్ అంచుల్లో ఉన్న బిడ్డకు ఆమె ఇవాళ ఏం పెట్టేదో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇంకో తరం వెనక్కి వెళితే ఈ ప్రాంతంలో పొద్దుటిపూట చోడి (రాగి) అంబలి, గంటెలు (సజ్జలు), సామలే ఎక్కువ. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక తెల్లన్నం పేద ఇళ్ళకూ రోజువారీ తిండైంది. ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. అంబలితో కడుపు నింపుకున్నవాళ్ళు పిల్లలకు అన్నం పెట్టాలని ఒళ్ళు హూనం చేసుకున్నారు, ఆ అన్నాన్ని పక్కకు నెట్టడం కృతఘ్నత కాదా అని. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆకలి కాలాన్ని ఆరోగ్య కాలంగా పొగడటం ఆ మనుషులకు అన్యాయమే. కానీ వాళ్ళు కోరుకున్నది పిల్లలు తెల్లన్నమే తినాలని కాదు, ఆకలితో ఉండకూడదని, రోగాన పడకూడదని. పైగా చోళ్ళు మందేమీ కాదు. తూకానికి తూకం చూస్తే బియ్యానికీ చోళ్ళకూ కేలరీల్లో పెద్ద తేడా లేదు. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు ఉంటే పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు, ఆ తేడా ముఖ్యం. అంబలి తేలికగా ఉండటానికి అసలు కారణం అందులో పిండి కొంచెం, నీళ్ళు ఎక్కువ కావడం. చోడిపిండితో గట్టి సంగటి కెలికి రెండు ముద్దలు లాగించి బరువు తగ్గలేదంటే తప్పు గింజది కాదు. విజయనగరం వ్యవసాయ పరిశోధనా కేంద్రం తన చోడి రకాల్లో ఒకదానికి చంపావతి అని ఈ ఏటి పేరే పెట్టింది. ఊరికి ఈ పంట పరాయిది కాదు.

రుచి మాటకొస్తే, అమ్మ చేతి వంటను గుర్తుపట్టించేది నూనె కాదు. గ్రాము నూనెకు 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4, కాబట్టి తగ్గించుకోవడం ఇక్కడే ఎక్కువ కలిసొస్తుంది. ఉత్తరాంధ్ర వంటకు ఉన్న గుర్తులు వేరు. కంద బచ్చలికి పెట్టిన ఆవ, కూర మీద చల్లిన నువ్వుల గుండ, బెల్లం వేసిన పులుసు, పోపులో ఇంగువ. ఆవ నూరి కలిపిన కూరకు చెంచాడు నూనె పోపు చాలు. వంకాయను ముందు ఉడికించి ఆఖర్న పోపు పెడితే ముప్పావు వంతు నూనె మిగులుతుంది, అల్లం, పచ్చిమిర్చి వాసన ఎక్కడికీ పోదు. నువ్వుల గుండలో మాత్రం నూనె దాగి ఉంటుంది, దాన్ని చల్లుకోవాలే తప్ప కలుపుకోకూడదు.

దుఃఖంలో ఉన్న మనిషికి బరువు గొడవ ఎందుకని అడిగేవాళ్ళు ఉన్నారు. తొలి వారాల విషయంలో వాళ్ళ మాటే నాదీ. ముద్ద దిగని రోజుల్లో తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. ప్రయత్నం లేకుండా ఆరు నెలల్లోనో ఏడాదిలోనో బరువు ఇరవయ్యో వంతు తగ్గిపోతే డాక్టరుకు చూపించుకోవాల్సిందే. ఆ గండం గడిచాక వచ్చేది ఇంకో సమస్య. ఇల్లు బోసిపోయిందని రాత్రుళ్ళు తింటూ కూర్చోవడం, నిద్ర చెడటం. తల్లికో తండ్రికో సుగర్ ఉన్నవాళ్ళకు ముప్పు ఎలాగూ ఎక్కువ. సుగర్ అంచుల్లో ఉన్నవాళ్ళ మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 2002లో వెలువడింది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యాలుగా పెట్టుకున్నవాళ్ళలో కొత్తగా జబ్బు రావడం 58 శాతం తగ్గింది. ఎనభై కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. అందుకు కడుపు మాడ్చుకోనక్కరలేదు.

పోయినవాళ్ళ నుంచి మనసును క్రమంగా విడిపించుకోవడమే దుఃఖం చేసే పని అని 1917లో ఫ్రాయిడ్ రాశాడు. ఆ బంధాన్ని రూపు మార్చి నిలుపుకోవడం కూడా ఆరోగ్యమేనని 1996లో డెన్నిస్ క్లాస్, ఆయన సహ సంపాదకులు ఒక పుస్తకమే తెచ్చారు. మన పెద్ద పండగలో ఆ రెండో మాట ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతికి పోయినవాళ్ళ పేర కొత్త బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవన్నీ, మాంసంతో సహా, వండి ఆకులో వడ్డిస్తారు. ఆ వంటలో చుక్క నూనె కూడా తగ్గించమని నేను అడగను. గారెలు గారెల్లాగే వేగాలి. మిగతా రోజుల్లో కంచం బతికున్నవాళ్ళది. తోబుట్టువులు వచ్చినప్పుడు కూరలో అమ్మ చెయ్యి లేదంటే ముందు ఆవ పాళ్ళు, ఇంగువ, పులుపు సరిచూడాలి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది, నూనె సీసా దాకా వెళ్ళే పని ఉండదు.